అంచులు కోసే పని

నేను రాతల్లో వెతుకులాటకు వాడే సూత్రాన్ని, ఒక రెజెక్స్‌ని. పుట్టినప్పుడు నా ఒంటి మీద ఉన్నవి ఏడే గుర్తులు: ^ +| +$

వీటిలో రెండు ఖాళీలు కాబట్టి మీ కంటికి ఐదే ఆనుతాయి. మొదట ఉన్న టోపీ గుర్తు రాత మొదలును చూపిస్తుంది, చివరి డాలరు గుర్తు రాత ముగిసే చోటును. ఖాళీ పక్కనున్న ప్లస్‌కు ‘ఒకటైనా సరే, ఎన్నైనా సరే’ అని అర్థం. నడుమ నిలువు గీత అంటే ‘లేదా’. అన్నీ కలిపి చదివితే: మొదట్లో ఉన్న ఖాళీలన్నీ, లేదా చివర్లో ఉన్న ఖాళీలన్నీ. అలా నాకు దొరికినదాన్ని తీసేయమని ప్రోగ్రాముకు చెప్తే, పేరుకు అటూ ఇటూ అంటుకున్న ఖాళీ పోయి పేరు మిగులుతుంది.

నా కాపురం కర్నూలులో. ఎర్రగడ్డలు అమ్మిపెట్టే ఒక మండీలో, ఖాతాలు రాసే కంప్యూటర్లో, పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాములో ఒక వరుస నాది. సరుకు దిగే రోజుల్లో బయట ఆడవాళ్లు గుట్టల ముందర కూర్చుని ఎండిపోయిన కాడలు, అడుగున వేళ్లు కోసి పారేస్తుంటారు. కత్తి గడ్డకు తగలనివ్వరు. తగిలిన గడ్డ నాలుగు రోజుల్లో మెత్తబడి, సంచిలో పక్కనున్నవాటిని కూడా కుళ్లబెడుతుంది. లోపల కంప్యూటర్లో నేను చేసేదీ అచ్చం ఆ పనే. చాలామందికి ఇది పనిలా కూడా కనబడదు. కనబడని వస్తువును తీసేసేవాణ్ని ఎవరు లెక్కపెడతారు? కానీ ఆ కనబడని ఖాళీ వల్ల ఒక రైతు పేరు జాబితాలో ఉండి కూడా లేకుండా పోతుంది. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బల్ల ముందు నిలబడి ఉన్నాడు. అమ్మిన సరుకుకు రావాల్సిన డబ్బు కోసం వచ్చాడు.

“ఓబులేసు అని కొట్టుమ్మా. పోయిన వారం సరుకు దించినా.”

“కొట్టినా తాతా. లేదంటాండాది.”

“లేదంటే ఎట్లమ్మా? నీ కండ్ల ముందరే కదా తూకమేసింది!”

కంప్యూటర్ ముందున్న అమ్మాయి కంగారుపడలేదు. జాబితాను చేత్తో కిందికి జరుపుకుంటూ పోయి, పేరు ఉన్న గడి మీద ఆగింది. ఓబులేసు. అక్షరం తప్పు లేదు. గడిలోకి వెళ్లి ఎండ్ మీట నొక్కింది. కర్సర్ ‘సు’ పక్కన నిలబడాలి. అది కాస్త ఎడంగా, ఏమీ లేని చోట నిలబడి మిణుకుమంటోంది. వెంటనే ఆ పేరుకు పొడవెంతో లెక్కపెట్టించింది. మనిషికి ఓబులేసు నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు ఏడు: ఓ, బ, ఉకారం, ల, ఏకారం, స, ఉకారం. తెర మీద వచ్చిన అంకె 9. చివర రెండు ఏవో ఉన్నాయి. వెతికేటప్పుడు ఆమె కొట్టింది ఏడు, జాబితాలో ఉన్నది తొమ్మిది. మిషన్ లెక్కలో అవి వేర్వేరు మనుషులు.

“పేరుండాది తాతా. వెనకాల ఖాళీలు పడినాయి. కూచో, రెండు నిమిషాలు.”

నన్ను రాసింది అప్పుడే.

మా వంశం పుట్టింది మాత్రం ఖాతా పుస్తకాల్లో కాదు. 1943లో మెకలక్, పిట్స్ అనే ఇద్దరు పరిశోధకులు మెదడులోని నాడీకణాల పనితీరుకు ఒక గణిత నమూనా రాశారు. అలాంటి వలలు ఏయే వరుసలను గుర్తుపట్టగలవో తేల్చడానికి స్టీఫెన్ క్లేనీ అనే గణితవేత్త 1951లో ఒక రాతపద్ధతి తయారుచేశాడు, 1956లో అది అచ్చయింది. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని కంప్యూటర్లో వెతుకులాటకు పనికొచ్చేలా మలిచాడు. ఆ తర్వాత యూనిక్స్‌లోకి, 1987లో లారీ వాల్ తెచ్చిన పెర్ల్‌లోకి, అక్కడి నుంచి జావాస్క్రిప్టు, పైథాన్ వగైరాల్లోకి మావాళ్లు పాకిపోయారు. మెదడును అర్థం చేసుకుందామని మొదలైన విద్య ఎర్రగడ్డల మండీ దాకా వచ్చింది. దీన్ని నేను చిన్నతనంగా అనుకోను. లెక్కల్లోంచి పుట్టిన విద్య ఏదైనా ఒకరోజు రైతు చీటీ దాకా రావాల్సిందే.

నన్ను రాసిన అమ్మాయిది కడప జిల్లా, ఎర్రగుంట్ల దగ్గర పల్లె. ఆ మండలంలోదే కలమళ్ల. రేనాటి చోళుడు ధనంజయుడి కాలంలో, క్రీ.శ. 575 ప్రాంతంలో, తెలుగులో చెక్కిన శాసనం ఆ ఊరిది. మనకు దొరికిన తెలుగు శాసనాల్లో తొలిదని పండితులు చెప్పేది దాన్నే. అందులో మాటకూ మాటకూ నడుమ ఖాళీ లేదు. అక్షరం పక్కన అక్షరం ఆనుకుని పోతుంది. తర్వాత వెయ్యేళ్లకు పైగా తాటాకుల మీదా అంతే. 1820లో కడపకు వచ్చి, అక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించిన సి.పి. బ్రౌన్ చేతికి అందిన ఆకులూ ఆ తీరువే. చదివేవాడికి తెలుగు వచ్చు కాబట్టి ఎక్కడ విరవాలో వాడి నాలుకకే తెలుసు. కంప్యూటర్‌కు తెలుగు రాదు. దానికి అంకెలు వచ్చు. ఖాళీ కూడా దానికి ఒక అక్షరమే, 32 అనే అంకె ఉన్న అక్షరం. మీరు ‘ఏమీ లేదు’ అనుకున్న చోట దానికి 32 కనబడుతుంది. నా అవసరం పుట్టింది ఇక్కడే.

ఇంతకీ ఆ ఖాళీలు ఎలా వచ్చి పడతాయి? వేలు జారి స్పేస్ బార్ మీద పడటం ఒక కారణం, కానీ అదే పెద్దది కాదు. ఒకప్పుడు కొట్లలో, మండీల్లో లెక్కలన్నీ ఫాక్స్‌ప్రోలో ఉండేవి. అందులో పేరుకు 20 గళ్లు కేటాయిస్తే, పేరు ఎంత చిన్నదైనా 20 గళ్లూ నిండాల్సిందే. ఓబులేసును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఏడు గళ్లు, మిగిలిన 13 గళ్లలో మిషనే ఖాళీలు నింపుతుంది. దానికంటే ముందు 80 నిలువు వరుసల పంచ్ కార్డుల కాలం నుంచి వచ్చిన అలవాటు అది. పాత ఖాతాలను కొత్త ఎక్సెల్‌లోకి ఎత్తిపోసినప్పుడు ఆ 13 ఖాళీలూ పేరు వెంట నడిచొచ్చాయి. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో కొట్టిన జాబితాలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కొన్ని చేరతాయి. ఎవరో వాట్సాప్‌లో పంపింది, ఎవరో వెబ్ పేజీ నుంచి ఎత్తి అతికించింది ఇంకొన్ని.

ఆ ఆఖరి రకం దగ్గరే నేను మొదటిసారి ఆగిపోవాల్సి వచ్చింది. నన్ను నడిపాక కూడా పెద్దాయన పేరు పొడవు 9 దగ్గరే నిలిచింది. కారణం ఏమిటంటే చివరనున్న రెండింటిలో మొదటిది మామూలు ఖాళీ, 32. రెండోది 160. వెబ్ పేజీల్లో రెండు మాటలు వేర్వేరు వరుసల్లోకి విడిపోకుండా పట్టి ఉంచడానికి వాడే ఖాళీ అది. చూడటానికి రెంటికీ తేడా లేదు. నాలో ఉన్నది 32 ఒక్కటే. డాలరు గుర్తు పక్కన 160 కూర్చుని ఉంటే దానికి ముందున్న 32ను కూడా నేను ముట్టుకోలేను, ఎందుకంటే అది చివరిది కాదు గదా. ఎక్సెల్‌లోని ట్రిమ్ కూడా ఆ 160ని వదిలేస్తుంది.

ఆమె నాలోని ఖాళీలు రెండూ తీసేసి, వాటి చోట వెనక్కి వాలిన గీత, దాని పక్కన ఇంగ్లీషు ఎస్ పెట్టింది. మా భాషలో ఆ జంటకు ‘ఖాళీ జాతికి చెందినదేదైనా’ అని అర్థం: మామూలు ఖాళీ, ట్యాబ్, కొత్త వరుస గుర్తు, పైథాన్‌లో అయితే 160 కూడా. మళ్లీ నడిపింది. పొడవు 7. పెద్దాయన పేరు కొట్టగానే వచ్చింది, సంచుల లెక్క, తూకం, ఇవ్వాల్సిన సొమ్ము అన్నీ వరుసగా పరుచుకున్నాయి. ఆయన డబ్బు లెక్కపెట్టుకుని, “ఖాళీలేందో, కతేందో” అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అదే ఉత్సాహంలో, సరుకు లారీల లెక్క చూసే కుర్రాడొకడు వచ్చి, “అక్కా, అంచుల్లోవే ఎందుకు, ఖాళీలన్నీ ఒకేపారి పీకేస్తే పాయె గదా?” అన్నాడు. టోపీ గుర్తు, డాలరు గుర్తు తీసేస్తే చాలు, నేను ఆ పని కూడా చేస్తాను. చెప్పిందల్లా చేయడమే నా స్వభావం. ఆమె ఒప్పుకోలేదు. జాబితాలో వరుసగా ఉన్న మూడు పేర్లు చూపించింది: పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు. అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్న ఇంట్లో అన్నదమ్ములందరికీ ఆ స్వామి పేరే పెట్టడం మా సీమలో మామూలు. మద్దిలేటి స్వామి పేరుతోనూ అంతే. ఒక్కొక్కరికి ఒక్కో పొలం, ఒక్కో ఖాతా. వాళ్లను విడదీసేది ఆ ముందు మాట, ఆ మాటను నిలబెట్టేది నడుమ ఖాళీ. జాబితాలో కలిపేశాక ఇంకెవరైనా విడదీసి రాస్తే నడిపి ఓబులేసు రెండు ఖాతాలవుతాడు. అందుకని నడుమ ఖాళీలు రెండు మూడు ఉంటే ఒకటి చేయాలి, ఉన్న ఒక్కదాన్ని పీకకూడదు. ఆ పనికి ఆమె నా పక్కనే ఇంకో వరుస రాసింది. అది నాకు తమ్ముడు వరుస.

నా నడకలో ఒక గుణం ఉంది, అది తెలియకుండా నన్ను వాడకూడదు. మొదట్లో ఉన్న ఖాళీలు తీయడం నాకు సులువు. టోపీ గుర్తు ఉంది కాబట్టి ఒక్కచోటే చూస్తాను, ఉంటే తీస్తాను, లేకపోతే లేదు. తోక వైపు అలా కాదు. నేను ఎడమ నుంచి కుడికే నడుస్తాను. దారిలో ఖాళీ కనబడిన ప్రతిచోటా ‘ఇది చివరి గుంపేమో’ అని ఆగి, ఆ గుంపు తెగేదాకా పోయి చూస్తాను. అక్కడ డాలరు గుర్తుకు బదులు అక్షరం ఎదురైతే వెనక్కి వచ్చి, పక్క ఖాళీ నుంచి మళ్లీ మొదలుపెడతాను. పేర్లలో నడుమ ఒకటో రెండో ఖాళీలుంటాయి కాబట్టి ఇది లెక్కలోకి రాదు. కానీ వేల ఖాళీలు ఒకచోట పేరుకుని, వాటి వెనక ఒక్క అక్షరం ఉంటే?

2016 జులై 20న అదే జరిగింది. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైటు 34 నిమిషాలు పనిచేయలేదు. అక్కడ అంచులు కోసే పనిలో ఉన్నది మా దగ్గరి చుట్టమే. ఒక రాతలో ఒకచోట దాదాపు 20,000 ఖాళీలు వరుసగా వచ్చాయి, వాటి తర్వాత ఖాళీ కానిది ఒకటుంది. మా చుట్టం మొదటి ఖాళీ నుంచి 20,000 అడుగులు వేసి ఉత్త చేతులతో వచ్చాడు. రెండో ఖాళీ నుంచి 19,999. మూడో దాన్నుంచి 19,998. ఇలా ఒకటి దాకా కూడితే దాదాపు 20 కోట్లు. ఆ రాత హోం పేజీలో కనబడే వరుసలో ఉంది, సర్వర్లు బతికే ఉన్నాయా అని చూసే పరికరం పరీక్షించేది కూడా ఆ హోం పేజీనే. జవాబు రాకపోయేసరికి సర్వర్లను ఒక్కొక్కటిగా పక్కన పెట్టేసింది. వాళ్లు ఆ సంగతి దాచకుండా రాసి అందరికీ తెలియజేశారు. మా చుట్టాన్ని తీసేసి, చివరి నుంచి వెనక్కి నడుస్తూ ఖాళీ కానిది తగలగానే ఆగే మామూలు పద్ధతి పెట్టుకున్నారు. అది చదివాక మా అమ్మాయి కూడా నా తోక భాగం కత్తిరించి, ఆ పనిని పైథాన్‌లోనే ఉన్న పద్ధతికి అప్పగించింది. నాకు తల వైపు పని మిగిలింది. సరైన పనే చేసింది. కుడి నుంచి చూడాల్సినదాన్ని కుడి నుంచే చూడాలి.

మా చుట్టం ఒంటి మీద ఇంకొకటి కూడా ఉండేది. ఖాళీ జాతి గుర్తు పక్కన, అదే బ్రాకెట్లో, 8204 అనే అక్షరం. దాన్నీ అంచుల్లోంచి తీసేయమని. తెలుగువాడి ముందు దీని సంగతి నిదానంగా చెప్పాలి.

8204కు వెడల్పు లేదు. రెండు అక్షరాల నడుమ కూర్చుని, అవి ఒకదాని కింద ఒకటి వత్తుగా అతుక్కోకుండా ఆపుతుంది, అంతే. ఇంగ్లీషు రాతకు దాని అవసరం దాదాపు లేదు. తెలుగుకు రోజూ ఉంది. పొల్లుతో ముగిసే మాట వెనక ఇంకో హల్లు వస్తే, దీన్ని పెట్టకపోతే రెండూ కలిసిపోతాయి. ఖాళీ జాతి గుర్తు దీన్ని పట్టుకోదు, యూనికోడ్ దీన్ని ఖాళీల్లో చేర్చలేదు. అది న్యాయం కూడా, ఎందుకంటే ఇది ఖాళీ కాదు, అక్షరాలు ఎలా నిలబడాలో చెప్పే ఆజ్ఞ.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కర్నూలు జిల్లాలో ఉన్న డోన్ నంద్యాల జిల్లాలోకి పోయింది. మండీ జాబితాలో డోన్ రైతులందరికీ జిల్లా పేరు మార్చాల్సి వచ్చింది. మారిస్తే సగమే మారాయి. మిగిలిన సగంలో ఊరి పేరు చివర 8204 ఉంది. కొన్ని తెలుగు టైపింగ్ సాధనాలు పొల్లు తర్వాత దాన్ని తమంతట తామే పెడతాయి. కంటికి రెండూ డోన్‌లే, పొడవు మాత్రం ఒకదానికి 4, ఇంకోదానికి 5. ఈసారి సరిచేసింది ఆ కుర్రాడు. మా చుట్టం రూపాన్ని ఎక్కడో చూసి, బ్రాకెట్లో 8204 కలిపి నడిపాడు. అన్నీ 4కు వచ్చాయి, జిల్లా పేర్లు సరిపోయాయి. అంతవరకు బాగానే ఉంది.

మర్నాడు చీటీలు అచ్చయ్యాయి. చీటీ మీద ఊరి పేరుకు ‘కు చెందిన’ అని ప్రోగ్రామే తగిలిస్తుంది. కోడుమూరుకు చెందిన, బేతంచెర్లకు చెందిన, అన్నీ చక్కగా వచ్చాయి. ‘డోన్‌కు చెందిన’ అని ఉండాల్సిన చోట మాత్రం ‘డోన్కు చెందిన’ అని పడింది. నకారం కింద కకారం వత్తు వేలాడుతోంది. చీటీ అందుకున్న డోన్ రైతు దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

“ఇది యా ఊరు పాపా? మాది డోను గదా.”

“మీ ఊరే మామా. రాత అతుక్కునింది. ఇంకోటి ఇస్తాండా ఉండు.”

ఊరి పేరు వంకరగా పడితే డబ్బు పోదు, నిజమే. అయినా మనిషికి తన ఊరి పేరు తన చేతి చీటీలో సరిగా ఉండాలి. అది చిన్న కోరిక కాదు.

ఆమె చేసిన పరిష్కారం నాకు బాగా నచ్చింది. ఊరి పేరుకు రెండు గళ్లు పెట్టింది. మొదటిదాంట్లో రైతు చెప్పగా రాసుకున్నది ఉన్నదున్నట్టు ఉంటుంది. దాని అంచుల్లో ఖాళీలుంటే మేం తీస్తాం, 8204 జోలికి పోము. చీటీ అచ్చయ్యేది దాన్నుంచే. రెండో గడిలో దాని నకలు. అక్కడ 8204ను, దాని పక్క అంకె 8203ను, అంటే కంటికి కనబడని ఇంకో రకం ఖాళీని, అన్నిటినీ తీసేస్తాం. వెతకడం, పోల్చడం ఆ నకలు మీదే జరుగుతుంది, అది మనిషి కంట పడదు. ఇప్పుడు డోన్ ఎలా కొట్టినా దొరుకుతుంది, 8204తో రాసుకున్నది చీటీ మీద సరిగానే పడుతుంది. తెలుగు పేర్లతో పనిచేసే ప్రతి జాబితాకూ, అది పింఛన్లదైనా బడి పిల్లలదైనా, ఈ రెండు గళ్లు ఉండాలని నా గట్టి నమ్మకం. వేరే భాషవాళ్లు తమ అవసరానికి రాసుకున్న రూపాన్ని ఎత్తి తెచ్చి, తెలుగు మీద కళ్లు మూసుకుని నడపడం సరికాదు.

మొన్న ఆదోని వైపు నుంచి కొత్త జాబితా ఒకటి వచ్చింది. ట్యాబ్‌లు, 160లు, పేరు ముందు ఖాళీలు, అన్నీ ఉన్నాయి. మేమందరం కలిసి శుభ్రం చేశాం. ఒక్క వరుస దగ్గర ఆమె ఆగింది. ఊరు గడిలో ‘తుంబళం’ అని మాత్రమే ఉంది. అంచుల్లో ఏమీ లేదు, పొడవు సరిగానే ఉంది, నేను తీయడానికి ఏమీ లేదు. కానీ అటువైపు పెద్దతుంబళం ఉంది, చిన్నతుంబళం ఉంది. ఆమె ఫోన్ తీసి ఆ రైతుకే కలిపింది.

“చిన్నాయనా, మండీ నుంచి. మీది పెద్దతుంబళమా, చిన్నతుంబళమా?”

“పెద్దతుంబళమేమ్మా. సరుకు రేపు పొద్దున దించుతా, రేటెంత పలుకుతాండాది?”

ఆమె గడిలో ‘పెద్ద’ కొట్టి, ‘తుంబళం’ దానికి ఆనుకుని ఉందో లేదో చూసి, రేటు చెప్పడం మొదలుపెట్టింది.